బదులు గ్లాసు

టక్. కొంత నిశ్శబ్దం. మళ్ళీ టక్.

ఆదివారం తెల్లవారుజామున, ఇంకా కళ్ళు తెరవని తిరుపతమ్మకు మొదట అందింది ఆ చప్పుడే. పెరట్లో ఎవరో శెనక్కాయలు కొడుతున్నారనుకున్నది. లేచి వెనుక తలుపు తీసింది. విత్తనాల గది గోడకు ఎదురుగా భర్త ఓబుళేశు నిలబడి ఉన్నాడు. చేతిలో టెన్నిస్ బ్యాటు. గోడను తాకిన బంతి తిరిగి వచ్చి అతని మోకాలిని తాకింది. అతడు వంగి, దానిని తీసుకుని, ఏ ఫిర్యాదూ లేకుండా మళ్ళీ కొట్టాడు.

"ఏం చేస్తాండావు, యామిని నాయనా?"

"ప్రాక్టీసు."

ఏళ్ళ తరబడి ఆడుతున్న మనిషి ప్రాక్టీసు చేయడం ఆమె చూడటం అదే మొదలు.

తిరుపతమ్మ భర్త పేరు పలకదు. పెళ్ళినాటి నుంచి పలకలేదు. ఆ పేరు అహోబిలం దేవునిది కావడం ఆమెకు మరింత చిక్కు తెచ్చింది. కొండ మీద జనమంతా "ఓబుళేశా, గోవిందా" అని ఎలుగెత్తితే, ఆమె మొదటి మాట మింగి రెండో మాట మాత్రమే పలికేది. ఆఫీసుల్లో ఇంటాయన పేరేమని అడిగితే కూతురు యామినిని ముందుకు తోసేది.

ప్రాక్టీసుకు కారణం ఉన్నది. ఓర్వకల్లు దగ్గర అతని మిత్రుడు శేషన్నకు పాత కళ్లం ఒకటి ఉండేది. తాతల కాలంలో శెనక్కాయలు ఎండబోసిన ఆ నేలకు అతడు సిమెంటు వేయించి, గీతలు గీయించి, వల కట్టించాడు. ఏడాదికొకసారి, పంట ఇంటికి చేరాక, మిత్రులు అక్కడ పోటీ పెట్టుకుంటారు. గేము ఓడినవాడు బీరు గ్లాసు ఎత్తాలి. తాగలేనివాడు, పొలానికి తన బదులు కూలిని పంపినట్టు, తన గ్లాసు తాగడానికి బదులు మనిషిని పెట్టుకోవచ్చు. అయితే ఆ మనిషిని అందరి ముందూ పేరు పెట్టి పిలవాలి. ఈ రెండూ చేయనివాడు ఆట విడిచి వెళ్ళాలి. చుక్క ముట్టని యేసుప్రసాద్ మాష్టారుకు మొదటి నుంచీ బదులు మనిషి ఓబుళేశే. ఆ బాధ్యతను అతడు ఎన్నడూ బరువనుకోలేదు.

నిరుడు ఆ బాధ్యత ఎక్కువై, ఓబుళేశు కర్నూలుకు తిరిగివచ్చి పొరుగింటివారి మంచం మీద పడుకున్నాడు. తిరుపతమ్మ తిట్టలేదు. మాట్లాడటం మానింది. శివరాత్రి దాకా వంటింట్లోంచి కుక్కరు కూతే తప్ప ఆమె గొంతు వినిపించలేదు. ఓబుళేశు తట్టుకోలేక అహోబిలం వెళ్ళి, స్వామి ముందు కర్పూరం ఆర్పి, ఇక తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పుడామె నోరు తెరిచి ఒకే మాట అన్నది.

"ఇంగోసారి ముట్టినావా, ఈ నోరు మళ్ళా తెరిచేది లేదు."

అందుకే అతడు ఒక్క గేము కూడా ఓడకూడదు; ఇన్నాళ్ళూ బదులు తాగినవాడే బదులు మనిషిని పిలిస్తే నవ్వులపాలు. ఆడేవారందరిలోకీ చేతకాని ఆటగాడు అతడే.

ఓర్వకల్లు చేరగానే ఓబుళేశు శేషన్నను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. "పెండ్లానికి భయపడినాడంటారు. ఎవురికీ చెప్పొద్దప్పా."

"నా కడుపులో పడితే బావిలో పడినట్టే," అన్నాడు శేషన్న. వెంటనే వెళ్ళి, బ్యాంకులో పనిచేసే వంశీ చెవిలో వేశాడు. ఇద్దరూ కలిసి, స్నేహం కోసం ఓడిపోవాలని గంభీరంగా నిర్ణయించుకున్నారు.

ఓబుళేశు చేతిలో ఓడటం తేలిక కాదు. అతని బంతి వల దాటితే కదా, ఎదుటివాడు వదిలేయడానికి. శేషన్న తన బంతులన్నీ వలకే కొట్టాడు. అవతల కానుగచెట్టు కింద పడిన ఓబుళేశు బంతిని సైతం "గీత మీదే పడిందప్పా" అని తలవంచి ఒప్పుకున్నాడు. గేము వెనుక గేము ఓడాడు. గ్లాసు వెనుక గ్లాసు ఎత్తాడు. తరువాత వంశీ కూడా ఆ త్యాగమే చేశాడు. ఎండ ఎక్కింది. త్యాగమూ ఎక్కింది. కన్నీళ్ళతో మిత్రుని కౌగిలించుకోబోయిన శేషన్న చేతిలోని జగ్గు ఓబుళేశు చొక్కా మీద ఒలికింది.

అంతటితో ఆగితే బాగుండేది. శేషన్నకు వదిన గుర్తుకు వచ్చింది. ఫోను తీశాడు.

"వదినా, దిగులు పడొద్దు. మావోడు చుక్క గూడా ముట్టలేదు."

"నేనడగలేదే."

"అడగవని తెలిసే చేసినా. నా మీద ఒట్టు. నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. ఉండేదంతా నేనూ వంశీనే తాగినాము."

తిరుపతమ్మ పొయ్యి ఆర్పి, ఓర్వకల్లు మీదుగా పోయే నంద్యాల బస్సెక్కింది.

ఆమె కళ్లం చేరేసరికి శేషన్న శెనక్కాయ మూటల మీద వెల్లకిలా ఉన్నాడు. వంశీ వలను పట్టుకుని దానికేదో నచ్చజెబుతున్నాడు. నడుమ ఓబుళేశు. దుమ్ముకు కళ్ళు ఎర్రబడ్డాయి. అలసి కాళ్ళు తడబడుతున్నాయి. చొక్కా నిండా బీరు వాసన.

"ముట్టలేదే. నేను గెలిచినా," అన్నాడు.

"నువ్వు గెలిచినావా?"

ఆమె ముఖంలో మిగిలిన కొద్ది నమ్మకం ఆ మాటతో పోయింది.

అదే సమయానికి, చర్చిలో ఆరాధన ముగించుకుని, ఫైనలుకు యేసుప్రసాద్ వచ్చాడు. బైబిలు సంచిలో భద్రపరిచి బ్యాటు తీశాడు. ఓబుళేశు ఆశగా చూశాడు. "మాష్టారూ, నువ్వైనా చెప్పు."

"నేనిప్పుడే వస్తాండా, అక్కా. చూడని దానికి సాక్ష్యం చెప్పలేను," అన్నాడు యేసుప్రసాద్.

"అయితే నేనే చూస్తా. ఆడండి," అన్నది తిరుపతమ్మ. వెనకటికి గింజలు తూర్పారబట్టడానికి ఎక్కి నిలబడే ఎత్తైన ముక్కాలిపీట ఒకటి గీత పక్కన ఉన్నది. ఇప్పుడది అంపైరు పీట. ఆమె కొంగు దోపి దాని మీద కూర్చున్నది.

యేసుప్రసాద్‌కు అబద్ధమాడటం రాదు, ఆటలో కూడా. మొదటి గేము రెప్పపాటులో ముగిసింది. మూటల మీద నుంచి శేషన్న చెయ్యి లేచి గ్లాసు నింపింది.

"పేరన్నా పిలువు, తాగన్నా తాగు. లేదంటే ఆట ఇడిచి పో," అన్నాడు శేషన్న.

ఓబుళేశు చుట్టూ చూశాడు. శేషన్నలో ఇక చోటు లేదు. వంశీ నిద్రపోయాడు. గ్లాసు అందుకున్నాడు. ఎండలో నాలుక పిడచకట్టినా, అతడు దానిని పెదవి దాకా తేలేదు. అలాగే నిలబడి, చివరికి నేల మీద పెట్టి, బ్యాటు సంచిలో సర్దసాగాడు.

తిరుపతమ్మ అంతా చూసింది. ఆమె గొంతు మెత్తబడింది.

"బదులు మనిషి ఆడదైతే ఒప్పుకుంటారా?"

ఎవరూ ఒప్పుకోలేదు. కాదనే స్థితిలోనూ ఎవరూ లేరు.

"పిలువు మరి," అన్నది.

"తిరుపతమ్మా," అన్నాడు ఓబుళేశు, ఆ పేరు అంత పెద్దదని అప్పుడే తెలిసినట్టు.

ఆమె దిగివచ్చి, ముక్కు మూసుకుని, ఆముదం తాగినట్టు ఒక్క గుక్కలో తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని పీటెక్కింది. రెండో గేమూ అతడే ఓడాడు. ఆమె మళ్ళీ దిగింది. ఈసారి ముక్కు మూసుకోలేదు.

మూడో గేముకు తీర్పులు మారాయి.

"అక్కా, ఆ బంతి బయట పడింది," అన్నాడు యేసుప్రసాద్ వినయంగా.

"నేను పైనుండా. నీకంటే నాకు బాగా కనిపిస్తాది. గీత మీదే పడింది."

ఆ తీర్పుతో జీవితంలో మొదటిసారి ఓబుళేశు ఆ మాష్టారు మీద ఒక గేము గెలిచాడు. ఓడిన యేసుప్రసాద్ గ్లాసు ముందు నిలబడి తల గోక్కున్నాడు. అతని పాత బదులు మనిషి ఒట్టులో ఉన్నాడు.

"తిరుపతమ్మక్కా... నాక్కూడా..."

"దానికేముందిలే, నాయనా. ఇంత ఎండలో బదులు మనిషి కోసం నువ్వు మాత్రం యాడ తిరుగుతావు," అని ఆమె అప్పటికే దిగుతున్నది. ఆపైన ఎవరు ఓడినా గ్లాసు ఆమెదే అయింది. చివరికి కప్పు యేసుప్రసాద్‌కే దక్కింది. ఆ తీర్పు చెప్పడానికి అంపైరు లేచి నిలబడలేకపోయింది.

పొద్దు వాలుతుండగా ఓబుళేశు ఆమెను స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. రాతిగుట్టలు ఎర్రబడుతున్నాయి. వెనుక నుంచి ఒక్క మాట లేదు. శివరాత్రి దాకా సాగిన ఆ మౌనం అతనికి జ్ఞాపకం వచ్చింది.

"ఏమే, కోపమా?"

జవాబు లేదు.

"నేను ముట్టలేదు గదే. నువ్వే చూస్తివి గదా."

బండి కర్నూలు పొలిమేర చేరింది. వీధి మలుపు తిరిగింది. అరుగుల మీద అమ్మలక్కలు తలలెత్తారు. గడపలో యామిని నిలబడి ఉన్నది. ఓబుళేశు బండి ఆపి, రానున్న మౌనానికి సిద్ధపడి కళ్ళు మూసుకున్నాడు.

భుజం మీద ఒక చెయ్యి పడింది. పెళ్ళినాటి నుంచి దాచిన గొంతుతో, వీధి ఆ చివరి దాకా వినిపించేలా, తిరుపతమ్మ అన్నది.

"వచ్చే ఏడు గూడా ఓడుదువులే, ఓబుళేశూ."