పదకొండింటి ఓడకి ఎర్ర కారు

ఆ ఉదయం జెర్కో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటి ఓడ రేవుకు వచ్చేలోగా కారును మళ్ళీ ఎర్రగా చెయ్యాలి. అంతే.

కారు ఒకప్పుడు ఎర్రదే. ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం టోంకాను పెళ్ళాడి చర్చి నుంచి ఇంటికి తీసుకొచ్చింది అందులోనే. జెర్కో దీపస్తంభం కాపలాదారుగా పని చేసినన్నాళ్ళూ సముద్రాన్ని చూస్తూ గడిపాడు. పని మానేశాక ఆ చూసిన సముద్రాన్ని తలుచుకుంటూ గడుపుతున్నాడు. కారు ఇంజనుకు ఏ లోటూ చెయ్యలేదు గానీ, అంజూరపు చెట్టు పక్కన నిలబెట్టిన ఆ బండి రంగు ఏమైపోతోందో ఎన్నడూ పట్టించుకోలేదు. ద్వీపపు ఎండ, ఉప్పుగాలి, పిట్టలు తమ పని తాము చేసుకుపోయాయి. ఎరుపు వెలిసి గులాబీ అయింది. గులాబీ మీద సుద్దపొడిలాంటి పొర పేరుకుంది.

టోంకా కళ్ళకు ఏడేళ్ళుగా శుక్లాలు. "మన ఎర్రపిల్ల ఎలా ఉంది?" అని అప్పుడప్పుడు అడిగేది. "నిప్పుకణికలా ఉంది" అనేవాడు జెర్కో. మొదటిసారి అబద్ధమాడాలని ఆడలేదు. ఆ క్షణంలో అతని కళ్ళ ముందు నిలిచింది పెళ్ళినాటి కారే. తర్వాత అదే అలవాటైపోయింది. ఇప్పుడు అవతలి ఒడ్డున, పట్నం ఆస్పత్రిలో మూడు వారాల్లో ఒకటొకటిగా ఆపరేషన్లయి ఆమె కళ్ళు బాగయ్యాయి; రెండోది నిన్ననే. చూపు ఆనడం లేదంటే నామోషీ అని, ఎందుకు వెళ్తోందో ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. ఆ కొత్త కళ్ళతో మొదట చూడబోయేది ఏడేళ్ళ అబద్ధాన్ని.

తెల్లవారకముందే లేచి, పెళ్ళినాటి నల్లకోటు గాలికి ఆరేశాడు. ఎండ తగలని చోటికి కారును తోసి, బకెట్ల కొద్దీ నీళ్ళు పోసి దుమ్మంతా జారిపోనిచ్చాడు. రంగు పైన పాతుకుపోయిన ఉప్పునీ తుప్పునీ లాగెయ్యడానికి, పడవలు బాగుచేసే లోవ్రే ఇచ్చిన మెత్తటి మట్టిముద్ద ఒకటి ఉంది. కాస్త సబ్బునీళ్ళు చల్లి దాన్ని ఇంజను మీది ముందుమూతపై ఒక మూల నెమ్మదిగా అటూ ఇటూ జరిపాడు. తర్వాత గుడ్డకు పాలిష్ అద్ది రుద్దాడు. గుడ్డ ఎర్రబడింది. పాత రంగు పొడి లేచిపోయినచోట, అరచేతంత మేర, తూర్పు తెల్లవారినట్టు ఎరుపు బయటపడింది. జెర్కో కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి పెరీనా గోడ మీదుగా తొంగి చూసింది. ఆవిడ వార్తలు పుట్టించదు. పుట్టినవాటికి రెక్కలు తొడుగుతుంది, అంతే.

"ఏం నాయనా, టోంకా సంగతేమైంది?"

"అయిపోయింది పిన్నీ," అన్నాడు జెర్కో ఎరుపు మీంచి చూపు తిప్పుకోకుండా. "పావుగంటలో. నొప్పి కూడా తెలీలేదట."

"అయ్యో! ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. ఇక చీకటన్నది లేదు పిన్నీ, అంతా వెలుగే. పదకొండింటి ఓడలో తీసుకొస్తున్నారు."

పెరీనా అతని తడి కళ్ళు చూసింది, ఎర్రటి చేతులు చూసింది, తీగ మీద ఊగుతున్న నల్లకోటు చూసింది. ఎందుకైనా మంచిదని ఇంట్లోకెళ్ళి టోంకాకు ఫోను చేసింది. టోంకా మరిచిపోయి వెళ్ళిన ఆ ఫోను జెర్కో వంటింట్లో మోగింది. "వస్తువులు అప్పుడే పంపించేశారు," అనుకుని, పెరీనా ముక్కు చీదుకుంది.

అరగంటలో డోన్ గర్గో ఫాదర్ వచ్చి, జెర్కో భుజం మీద చెయ్యి వేశాడు.

"దేవుడు నీకు ఓర్పునివ్వాలి నాయనా."

"ఓర్పే కావాలి ఫాదర్. తొందరపడితే గీతలు పడిపోతాయి."

ఫాదర్‌కు ఆ మాటలో ఏదో లోతు కనిపించింది. "మరి... మిగతా ఏర్పాట్లు?"

"ముందు మట్టి అయిపోవాలి. మట్టి అయ్యాకే మిగతావన్నీ."

"అవును, అవును," అని ఫాదర్ వెళ్ళి గంట మోగించమన్నాడు. 'ఇవాళ ఏదో పండగ కాబోలు,' అనుకున్నాడు జెర్కో. అతనికి ఆ గంట చాలా హాయిగా వినిపించింది.

తర్వాత లోవ్రే పాలిష్ యంత్రంతో పరిగెత్తుకొచ్చాడు. వెనకే సగం ఊరు వచ్చింది. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఇద్దరు తలుపులు పట్టారు, ముగ్గురు వెనకభాగం పట్టారు, మిగతావాళ్ళు చక్రాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. యంత్రం తుమ్మెదలా రొద చేస్తుంటే గులాబీరంగు ఎరుపులోకి కరిగిపోయింది. పైన పల్చగా మైనం రాసి, అది మసకబారేదాకా ఆగి తుడుస్తుంటే ఆకాశమూ అంజూరపాకులూ కారులోకి దిగి ఈదడం మొదలుపెట్టాయి. ఇంత మంచివాళ్ళ మధ్య బతుకుతూ ఇన్నాళ్ళూ గమనించనేలేదే అనిపించింది జెర్కోకు.

ఒకాయన ఏడుస్తూ చేతిలో గుడ్డతోనే కళ్ళు తుడుచుకోబోయాడు. "ఆ గుడ్డ వద్దన్నా!" అని జెర్కో కంగారుపడ్డాడు. "కన్నీళ్ళు ఉప్పు. రంగు మీద మచ్చ పడుతుంది."

లోవ్రే యంత్రం ఆపి గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, రేవు నుంచి ఎలా తెద్దాం? ఇందులో పట్టదేమో."

"ఎందుకు పట్టదురా? ముందు సీట్లో నా పక్కనే. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. కిటికీ కూడా దించుతాను, గాలి తగులుతుంది."

లోవ్రే ఇవతలికొచ్చి పెరీనా చెవిలో, "పాపం, మతి చలించింది. రేవు దగ్గర ఎవరో ఒకరు పట్టుకుని ఉండండి," అన్నాడు.

పదకొండింటికి ఓడ వచ్చింది. రేవు పొడుగునా ఊరంతా బారులు తీరి నిలబడింది. జెర్కో మాత్రం కాస్త దూరంలో కారుకు ఆనుకుని, ముందుమూతలో తేలిపోతున్న మబ్బుల్ని చూస్తూ తనూ వాటితో పాటు తేలిపోతున్నాడు. లోవ్రే నలుగురు బలమైనవాళ్ళను వెంటబెట్టుకుని, టోపీలు తీయించి, ఓడ మెట్ల దగ్గర సిద్ధంగా ఉన్నాడు.

టోంకా నడిచి దిగింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో కేకు పెట్టె, ముఖం మీద నల్లకళ్ళద్దాలు.

నలుగురిలో ఒకడు టోపీ మళ్ళీ పెట్టేసుకున్నాడు. పెరీనా ఉన్నచోటే తాళ్ళచుట్ట మీద కూలబడింది. టోంకా అద్దాలు తీసి నల్లటి గుంపును ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా చూసింది.

"ఎవరు పోయారు?"

ఫాదర్ సముద్రాన్ని పరిశీలించసాగాడు. టోంకా చూపు ప్రకటనల బోర్డు మీద పడింది. నల్లగీత అంచుతో పెరీనా రాసి అంటించిన మరణవార్త అక్కడుంది. ఇరవై అడుగుల దూరం నుంచి, కళ్ళు చికిలించకుండా, టోంకా దాన్ని చివరికంటా చదివింది.

"డాక్టరు పనితనం మంచిదే," అంది. "మూడు వారాల క్రితం నాకు ఆ బోర్డే కనబడేది కాదు."

గుంపు తప్పుకుని దారిచ్చింది. ఆమె వచ్చి కారు ముందు ఆగింది. జెర్కో ఉలిక్కిపడి కోటు సర్దుకున్నాడు. ముందుమూత నిండా ఆకాశం, ఆకాశం మధ్యలో ఒక ముఖం. టోంకా వంగి చూసింది.

"ఎవరీ ముసలావిడ?"

"నా భార్య," అన్నాడు జెర్కో.

"పక్కనున్న ఆయన?"

"నీ మొగుడు. ఏడేళ్ళుగా నీకు అబద్ధం చెప్తున్నాడు. ఇవాళ పొద్దుటిదాకా ఈ కారు ఎర్రగా లేదు టోంకా. నా నిర్లక్ష్యం వల్ల పాలిపోయింది. నీకు తెలిస్తే బాధపడతావని..."

"తెలుసు."

"తెలుసా?"

"పొర పట్టింది కళ్ళకి, చేతులకి కాదుగా. తలుపు ముట్టుకున్నప్పుడల్లా సుద్దపొడి అంటుకునేది. ఎన్ని గౌన్లు పాడయ్యాయో!"

"మరి ఎందుకడిగేదానివి?"

"నిప్పుకణికలా ఉంది అనేవాడివి కదా, ఆ మాట వినడానికి."

జెర్కో కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె గౌను అంచు జాగ్రత్తగా ఎత్తుకుని ముందు సీట్లో కూర్చుంది. కిటికీ దించుకుంది.

పరామర్శకని వండి తెచ్చిన చేపల పులుసునూ రొట్టెల్నీ ఆ మధ్యాహ్నం అందరూ కలిసి తిన్నారు. ఎవరెంత ఏడ్చారో టోంకా ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగి తెలుసుకుంది. సాయంత్రం పెరీనా సిగ్గుపడుతూ ప్రకటన చించెయ్యడానికి బయలుదేరితే, టోంకా కూడా వెంట వెళ్ళి, వయసు రెండేళ్ళు ఎక్కువ పడిందని దగ్గరుండి ముందు దిద్దించి, ఆ తర్వాతే చించనిచ్చింది; తనను మెచ్చుకున్న 'మృదుభాషిణి' అన్న మాట ఉన్నంత మేర కాగితాన్ని మాత్రం చించనివ్వలేదు.