ఐదు వందల అడుగుల ఎడం

పెద్ద అడవి అది. అంత అడవిలోనూ జంతువులన్నీ ఏటి మలుపు దగ్గరే, ఒకరి గుమ్మం ఒకరికి కనిపించేలా కాపురముండేవి. కుందేలుకి ఏరు ఇరవై గెంతులు, పండ్లచెట్లు ముప్పై. మందులిచ్చే తాబేలు నిదానమ్మ ఇల్లు సరిగ్గా మధ్యలో ఉండేది. కేకేస్తే, మెల్లిగానే అయినా వేళకి వచ్చేది.

అడవి మండలికి అధ్యక్షుడు ఏనుగు భారయ్య. కార్యదర్శి నక్క చంచలరావు. ఒక ఏడాది చంచలరావు పొరుగడవిని అధ్యయనం చేయడానికి వెళ్లి, పది రోజులు విందులు తిని, తిరిగొచ్చి నివేదిక చదివాడు.

"అక్కడ ఒకరి ఇల్లు ఒకరికి కనిపించదండి. మనవాళ్లేమో ఒకరి తుమ్ము ఇంకొకరికి వినపడేలా బతుకుతున్నారు. దీన్ని నాగరికత అనరు."

భారయ్య ఆలోచించాడు. "ఇంటికీ ఇంటికీ ఎంత ఎడం ఉంటే నాగరికత?"

"ఐదు వందల అడుగులండి."

"ఎవరి అడుగులు?"

"తమవేనండి. అధ్యక్షుల వారుండగా ఇంకొకరి అడుగులతో కొలిస్తే మర్యాద కాదు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఏటి మలుపు ఖాళీ అయింది.

కుందేలు దూదమ్మకి తూర్పు కొండ కింద స్థలం వచ్చింది. మొదటి వారం గుమ్మంలో నిలబడి, కనుచూపు మేర ఎవరూ లేకపోవడం చూసి మురిసిపోయింది. రెండో వారం నుంచి నీళ్లకి వెళ్లి వచ్చేసరికి పొద్దు వాలిపోయేది.

మండలి వెంటనే స్పందించింది. చిన్న జంతువులను వీపున మోసుకెళ్లడానికి దుప్పులను నియమించింది. అందరూ దుప్పులెక్కేసరికి దారి చాల్లేదు. దారి వెడల్పు చేయడానికి పండ్లచెట్లు కొట్టేశారు. పండ్ల కోసం ఇంకా దూరం పోవాల్సి వచ్చింది గనక ఇంకొన్ని దుప్పులను నియమించారు.

వానాకాలంలో దూదమ్మ చిన్నకూతురికి జ్వరం తగిలింది. నిదానమ్మ ఇల్లు ఇప్పుడు పడమటి అంచున ఉంది. దూదమ్మ మొగుడు ఒక్క పరుగున వెళ్లి చెప్పాడు. నిదానమ్మ దుప్పినెక్కింది. దుప్పి మిగతా దుప్పుల మధ్య ఇరుక్కుని కదల్లేదు. నిదానమ్మ పూటంతా చూసి, దిగి నడిచింది. మూడో రోజుకి చేరింది.

పిల్ల బతికింది. ఎడమ చెవి మాత్రం వినపడటం మానేసింది.

దూదమ్మ మండలికి వెళ్లి చెప్పుకుంది. చంచలరావు శ్రద్ధగా విని, రాసుకుని, నిదానమ్మని పిలిపించాడు.

"నీ మీద ఫిర్యాదు వచ్చిందమ్మా. నువ్వు వేగం పెంచుకోవాలి."

"పుట్టిన దగ్గర్నుంచీ నేను ఇంతే నడుస్తున్నానండి," అంది నిదానమ్మ. "ఇళ్లే తొందరపడి వెళ్లిపోయాయి."

"అది విధానపరమైన విషయం. నీ పరిధిలోకి రాదు."

దూదమ్మ భారయ్య వైపు చూసింది. భారయ్య పరిశీలిద్దామన్నాడు. పరిశీలన ఆ వానాకాలం దాటి చలికాలంలో పడింది.

చలికాలంలో ఒక ఉదయం, తన స్థలం చుట్టూ వేయించుకున్న కంచె తొక్కి, భారయ్య కాల్లో ముల్లు దిగింది. కాలు వాచింది. నిదానమ్మకి కబురు వెళ్లింది. ఆమె రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా దాహమేసి భారయ్య మూడు కాళ్ల మీద ఏటికి బయల్దేరాడు. పొద్దున బయల్దేరినవాడు మధ్యాహ్నానికి ఇంకా తన కంచె పక్కనే ఉన్నాడు.

"చంచలరావూ, ఏరు ఇంత దూరం ఎప్పుడు జరిగింది?" అని వెంట నడుస్తున్న కార్యదర్శిని అడిగాడు.

"ఏరు అక్కడే ఉందండి. మనమే అభివృద్ధి చెందాం."

భారయ్య ఏడ్చే ఓపిక కూడా లేక, ఆ దారిలోనే కూలబడ్డాడు. అక్కడే నిదానమ్మ వచ్చి ముల్లు తీసింది.

కాలు కుదుటపడగానే మండలి సమావేశమైంది. అందరికీ అన్నీ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలని చంచలరావు లోతైన అధ్యయనం చేసి కనిపెట్టినట్టు ప్రకటించారు. పథకానికి 'నడక వాడ' అని పేరు పెట్టారు. జంతువులన్నీ సామాన్లు సర్దుకుని ఏటి మలుపుకి వచ్చేశాయి. కొట్టేసిన చోట పండ్ల మొక్కలు నాటారు. అవి కాపుకొచ్చేదాకా ఆకులతో సరిపెట్టుకోమన్నారు.

చంచలరావుకి సన్మానం జరిగింది. మెడలో దండలతో వేదిక దిగి వస్తుంటే దూదమ్మ ఎదురొచ్చింది.

"అయ్యా, మేం ముందు ఉన్నది ఇక్కడే కదండీ?"

"అప్పుడు ఊరికే ఉండేవారు," అన్నాడు చంచలరావు దండ సర్దుకుంటూ. "ఇప్పుడు పథకం ప్రకారం ఉంటున్నారు."

నీతి: ప్రజలకి ఏది ఎంత దూరమో తేలాలంటే, ముల్లు అధ్యక్షుల వారి కాల్లోనే దిగాలి.