కనకం మెడకి మూడు ఎర్ర మార్కులు

గురువారం పొద్దున్న కనకం పెట్టుకున్న కార్యక్రమం చిన్నదే. సున్నుండలు చుట్టి డబ్బాకెత్తడం, రెండు పట్టుచీరలు ఇస్త్రీకివ్వడం, శనివారం విశాఖ బండెక్కి పార్వతీపురంలో దిగడం. సోమవారం చెల్లెలు అచ్చియమ్మ గృహప్రవేశం. మొగుడి డ్యూటీ పుణ్యమా అని తమ్ముడి పెళ్ళి పోయింది, చెల్లెలి కూతురి బారసాల పోయింది. ఇప్పుడాయన రిటైరై, డ్యూటీ చేసిన హిందీ ఊళ్ళోనే, మోప్కాలో సొంతింట్లో కాలు మీద కాలేసుకుని ఏడాదిగా కూర్చున్నాడు. ఈసారి బండి తప్పిందా, ఇక తను మనిషే కాదని కనకం ఒట్టేసుకుంది.

మొగుడు రమణమూర్తి రైల్వేలో ముప్ఫయ్యేళ్ళు చేసిన పని ఒక్కటే. పట్టాల మీద అల్ట్రాసౌండ్ మెషీన్ తోసుకుంటూ నడిచి, ఇనుము లోపలి పగుళ్ళు పట్టుకోవడం. పగులు చిన్నదైతే పట్టా మీద ఎర్ర రంగుతో ఒక ఇంటూ మార్కు వేస్తారు. కనిపెట్టుకుని ఉండండని దానర్థం. ప్రమాదమైతే మూడు మార్కులు. మూడు రోజుల్లో ఆ ముక్క కోసి తీసెయ్యాలి, అందాకా బళ్ళన్నీ నెమ్మదిగా పోవాలి, పక్కన ఒక వాచ్‌మన్ ఉండాలి.

అలాంటి పెద్దమనిషి ఫోనుకే కనకం మెడ స్కానింగ్ రిపోర్టు వచ్చి పడింది. గొంతు దగ్గర చిన్న ఉబ్బు కనబడితే, ప్రయాణం ముందు ఎందుకైనా మంచిదని ముందురోజే తీయించుకుందావిడ. థైరాయిడ్ గడ్డ, పధ్నాలుగు మిల్లీమీటర్లు, టైరాడ్స్ మూడు అని ఉంది. టైరాడ్స్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. అల్ట్రాసౌండ్ తెలుసు, మూడు తెలుసు. ఇంకేం కావాలి!

"కనకం! ఎక్కడున్నదానివి అక్కడే ఉండు!"

"ఏటైందండీ? పొయ్యి మీద నెయ్యి కాగుతున్నాది."

"పొయ్యి కట్టెయ్. మూడొచ్చింది. మూడు రోజుల్లో నీ మెడలోది కోసి తీసెయ్యాల."

కనకం పొయ్యి కట్టేసింది. గోడ పట్టుకుని నిలబడింది. "డాక్టరమ్మ అలగన్నాదా?"

"ఆవిడ సెప్పేదేటి? మెషీన్ సెప్పింది. ముప్ఫయ్యేళ్ళు ఆ మెషీన్‌తోనే కదా కాపరం చేశాను!"

"నాతో అనుకున్నాను," అంది కనకం. భయంలో కూడా ఆవిడకి ఒళ్ళు మండింది.

ఆయన వినిపించుకుంటేగా! మొట్టమొదట శనివారం టిక్కెట్లు క్యాన్సిల్ చేశాడు. తర్వాత గోడవతల దిలీప్‌ని కేకేశాడు. దిలీప్ ఒకప్పుడు ఆయన సెక్షన్‌లోనే రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే కీమాన్. ఐదు నిమిషాల్లో స్టూలు తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. కనకం నీళ్ళకని లేస్తే తనూ లేచాడు.

"ధీరే ధీరే, భాభీజీ. నెమ్మదిగా నడవాలి. సాబ్ ఆర్డర్!"

"నానేటి గూడ్సు బండినా?" అని ఆవిడ గసిరితే అతను వినయంగా దారిలోంచి తప్పుకున్నాడు గాని, వెనకాల నడవడం మానలేదు.

ఈలోగా రమణమూర్తి పార్వతీపురానికి ఫోన్ చేసి, అక్కకి మూడు మార్కులు పడిపోయాయని చెప్పేశాడు. అచ్చియమ్మ ఏడుపు స్పీకర్లోంచి వీధి దాకా వినబడింది. "ఓలమ్మో! మా అప్ప రాకుండా నాను గడప దాటను బావా! ముహూర్తం మానిపించేస్తాను! మేమే బయల్దేరి వచ్చేస్తాం!" కనకం ఫోన్ లాక్కునేలోపే అవతల పెట్టేసింది.

పదిన్నరకి కబురంది, ఆయన పాత పట్టాల గ్యాంగు మనుషులు నలుగురు మోటారు సైకిళ్ళ మీద దిగారు. మేమ్‌సాబ్ ఆపరేషన్‌కి రక్తమిస్తామన్నారు. ఖాళీ కడుపుతో రక్తమివ్వకూడదట. దిలీప్ కాపలాలోనే కనకం చుట్టి ఎత్తిన సున్నుండల డబ్బా ఖాళీ అయింది. అప్పటిదాకా ఓర్చుకున్న కనకానికి అక్కడ కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి మెడ కోసమో సున్నుండల కోసమో ఆవిడకే తెలియలేదు.

"పదండి! ఆ డాక్టరమ్మనే అడుగుదాం," అంది చెప్పులేసుకుంటూ. ఆటో ముందు నడిచింది. వెనక రెండు మోటారు సైకిళ్ళు.

స్కానింగ్ సెంటర్ డాక్టరు శ్రీనిధి రైల్వే కాలనీలో పెరిగిన పిల్లే. గుంపుని చూసి ఎవరో పోయారనుకుంది. సంగతి విని నవ్వాపుకుంది.

"అంకుల్, పెహలే... ముందు మీరు కూర్చోండి. టైరాడ్స్ అంటే గడ్డ రూపుని బట్టి ఒకటి నుంచి అయిదు దాకా మేమిచ్చే మార్కులు, పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువ. తెర మీద నల్లగా ఉందా, అంచులు గరుకుగా ఉన్నాయా, లోపల తెల్ల చుక్కలున్నాయా, అడ్డం కన్నా నిలువెక్కువా అని చూస్తాం. ఆంటీది నున్నటి అంచు, చుక్కల్లేవు. ఇలాంటివి వందలో తొంభై అయిదు మామూలు గడ్డలే. ఈ సైజుకి సూది టెస్టు కూడా అక్కర్లేదు. ఏడాదికోసారి చూస్తే చాలు, బస్."

కనకానికి ఊపిరి ఇప్పుడొచ్చింది. రమణమూర్తికి మాత్రం మొహం మాడిపోయింది.

"మరి పొద్దున్న ఈ మెషీన్ సరిచూశారా? మేం రోజూ పగుల్లేని పట్టా ముక్క మీద పెట్టి చూసుకున్నాకే లైనెక్కేవాళ్ళం."

"ఏ లోపం లేని మెడ ఎక్కడ తెమ్మంటారు అంకుల్?"

"నాది లేదేటి?"

అందరూ వద్దంటున్నా చొక్కా గుండీ విప్పి, బల్లెక్కి పడుకున్నాడు. శ్రీనిధి సరదాకే జెల్లు రాసింది. సరదాకే చూసింది. ఉన్నట్టుండి ఒకేచోట మూడుసార్లు కొలిచింది.

"అంకుల్, మీకూ ఉంది. పదహారు మిల్లీమీటర్లు, కాస్త నల్లగా. టైరాడ్స్ నాలుగు."

"నాలుగా? మా దాంట్లో నాలుగు లేదే!"

"మా దాంట్లో ఉంది. సూదితో కొంచెం తీసి టెస్టుకి పంపాలి. గాభరా పడకండి, పదిమందిలో తొమ్మిదిమందికి ఏమీ ఉండదు. ఈ నెల్లోపు ఎప్పుడైనా పరవాలేదు."

రమణమూర్తి గుండీ పెట్టుకుంటూ లేచాడు. "సూదెందుకమ్మా? తొందరేటి? కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉందాం. ఏదైనా మెషీన్‌ని మరీ అంత నమ్మకూడదు."

కనకం ఒక్క క్షణం ఆయన మెడకేసి చూసింది. మరుక్షణం పొద్దుటి నుంచి దాచుకున్న కోపమంతా పైకొచ్చింది.

"అచ్ఛా! నా మెడైతే మూడు రోజుల్లో కోసెయ్యాల, మీ మెడైతే కొన్నాళ్ళు ఆగాలా? అమ్మా, వచ్చే గురువారానికి ఈయన పేరు రాసెయ్. అప్పటికి నాను వచ్చేస్తాను."

అక్కడే నిలబడి అచ్చియమ్మకి ఫోన్ చేసింది. "ఒలే, ముహూర్తం కదిపావంటే ఊరుకోను. నాకేటీ లేదు. నానొస్తన్నాను."

మర్నాడు తత్కాల్ తెరిచిన నాలుగు నిమిషాలకే బండి నిండిపోయింది. దొరికింది ఒక్కటే బెర్తు. అది ఎవరికన్న ప్రశ్న ఆ ఇంట్లో రాలేదు.