తూము ఎత్తించిన ఫోటో

"ఇకపై నీళ్ళు ఆడవాళ్ళ చేతుల మీదుగానే పారతాయి" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. పథకం పేరు 'నీటికి ఆమే నాయిక'. కాలువ చివరి తూము తాళంచెవి ఉండేది నా నడుముకే కనుక, ఈ సంగతి నాకు కాస్త ముందుగా చెబుతారనుకున్నాను. పేపర్లో చదివి తెలుసుకున్నాను. పెద్ద పనుల్లో ఉన్నవాళ్ళకు చిన్న తాళాలు గుర్తుండవు.

ఆ తూము కిందే మా వదిన పొలం. అన్నయ్య పట్నం పోయిన దగ్గర్నుంచి దున్నించడం, నాట్లు వేయించడం, కలుపు తీయడం అన్నీ ఆమే. వరి పొట్ట మీదుంది. మడి నెర్రెలు విచ్చింది. ఒక్క తడి పడకపోతే ఈ ఏడు గడ్డి కోసుకోవడమే. తడి కోసం వ్యవసాయాఫీసరుగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన మర్యాదస్తులు. కుర్చీ చూపించి మరీ కాదన్నారు.

"పొలం మీ ఆయన పేరున ఉందమ్మా. రైతు వచ్చి సంతకం పెడితే నిమిషంలో చీటీ రాసిస్తాను."

"రైతు పట్నంలో గోడలకు రంగులేస్తున్నాడండీ. సేద్యం చేసేది నేను."

"చేస్తున్నారు, కాదనను. రైతు మాత్రం ఆయన."

చీటీ లేనిదే నేను తూము ఎత్తకూడదు. వదినకు ఆ సంగతి తెలుసు, నోరు తెరిచి అడగలేదు. మా గుమ్మం ముందు నుంచి పోతూ నా నడుము వైపు ఒక చూపు చూసేది, అంతే.

ఇంతలో పథకానికి పోస్టరు కావాల్సి వచ్చింది. మంత్రిగారి పక్కన ఒక మహిళా రైతు, వెనక పారే నీళ్ళు, దగ్గర్లో కారు ఆగే రోడ్డు. ఆఫీసరుగారు చేలన్నీ తిరిగి వదిన పొలం ఎంచారు. అక్కడ నీళ్ళు లేవని మనవి చేశాను. ఫోటో తీసినంతసేపు ఉంటే చాలు, తూము ఎత్తమన్నారు. చీటీ అడిగాను. తన నోటిమాటే చీటీ అన్నారు. అంత వేగంగా కదిలే యంత్రాంగాన్ని నేను ఎన్నడూ చూడలేదు.

మంత్రిగారు వచ్చారు. గట్టు మీద తివాచీ పరిచారు. పిడికి రిబ్బను కట్టిన కొత్త పార వదిన చేతికిచ్చారు. నేను తూము ఎత్తాను. నీళ్ళు మొదటి మడిలోకి దూకాయి. ఫోటోగ్రాఫర్ నొక్కి చూసుకున్నాడు. వదిన కళ్ళు మూసుకుంది.

మళ్ళీ తీశాడు. మళ్ళీ మూసుకుంది. నీళ్ళు రెండో మడిలోకి తిరిగాయి. ఈసారి పార పైకెత్తింది, మంత్రిగారి ముఖం దాని వెనక్కి పోయింది. ఆ తర్వాత పవిట సర్దుకుంది. ఆ తర్వాత తుమ్మింది. ఒకసారి పొరపాటున ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ, సరిగ్గా అప్పుడే మంత్రిగారికి ఆవలింత వచ్చింది.

ఆఫీసరుగారికి చెమటలు పట్టాయి. "కాస్త కళ్ళు తెరువు తల్లీ" అని బతిమాలారు.

"తెరుస్తూనే ఉన్నానండీ. అయ్యగారి ముఖంలో వెలుగుకి వాటంతటవే మూతపడుతున్నాయి."

ఈ మాట మంత్రిగారికి నచ్చింది. తొందరేం లేదన్నారు. తర్వాతి సభకు వచ్చినవాళ్ళు ఎండలోనే కదా కూర్చున్నారు, ఇంకాసేపు కూర్చుంటారన్నారు. ప్రజల కోసం ప్రజల్ని ఆపగల నాయకులు అరుదు.

నీళ్ళు చివరి మడి నిండి, గట్టుకు తగిలి వెనక్కి మళ్ళాయి. వదిన అటు ఒకసారి చూసింది. తర్వాత కళ్ళు ఇంతింత చేసుకుని నవ్వింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. తూము దించమని ఆఫీసరుగారు కారులోంచే చెప్పారు. దించాను.

పోస్టరు ఆఫీసు గోడకే అంటించారు. 'మహిళా రైతుకు పార పట్టడం నేర్పుతున్న మంత్రిగారు' అని కింద రాశారు. గింజ పాలు పోసుకునే వేళకు ఇంకో తడి కావలసి వచ్చి, వదిన మళ్ళీ వెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. సరిగ్గా పోస్టరు కిందున్న కుర్చీ చూపించారు ఆఫీసరుగారు.

"రైతును పంపమన్నాను కదమ్మా."

వదిన తల ఎత్తి గోడ మీదున్న తనను చూసుకుంది. "మళ్ళీ ఫోటో ఎప్పుడండీ?" అంది.

ఆ ఉత్సాహానికి ఆఫీసరుగారి ముఖం విప్పారింది.

"వచ్చే నెలలోనే. ఈసారి కరువు మీద. మీ పొలం పేరే రాసి పంపాను. ఈలోగా తడి పెట్టించకండేం."