మూడో నొక్కు

సీతమ్మధారలోని సాగరకిరణ్ అపార్ట్‌మెంట్స్ నివాసుల సంక్షేమ సంఘం వారు సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, టార్చిలైటులోని మూడో నొక్కుకు ఉపయోగం కనిపెట్టబడినది. ఇందుకు సంఘానికి పదకొండు నెలలు పట్టింది. ఇంతకంటే త్వరగా కనిపెట్టిన అపార్ట్‌మెంట్ ఏదైనా ఉంటే ముందుకు రావచ్చు.

ఈ ఘనత శ్రీరామ్మూర్తిది. ఆయన ఉక్కు కర్మాగారం భద్రతా విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. పనంటే జాగ్రత్త బోర్డులు రాయించడం. ఆ బోర్డులు చదివినవాళ్లెవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు. చదవనివాళ్లకి కూడా జరగలేదు గానీ, ఆ సంగతి ఆయన వార్షిక నివేదికల్లో రాసేవాడు కాదు. రిటైరైన రోజున తోటి ఉద్యోగులు ఒక పూలదండా, ఒక టార్చిలైటూ ఇచ్చి పంపించారు. దండ రెండు రోజులకి వాడిపోయింది. టార్చి మాత్రం ఆయన్ని వదల్లేదు.

దానికి ఒకటే మీట. ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు. రెండోసారి నొక్కితే చిన్న వెలుగు. మూడోసారి నొక్కితే వెలుగుకి పూనకం వచ్చి టపటపా కొట్టుకుంటుంది. దీన్ని స్ట్రోబ్ మోడ్ అంటారని పెట్టె మీద రాశారు. ఎందుకో రాయలేదు. ఇంకొకరైతే ఊరుకునేవాళ్లు. శ్రీరామ్మూర్తికి మాత్రం, లోకంలో తయారైన ప్రతి వస్తువుకీ ఒక ఉపయోగం ఉండితీరాలన్న నమ్మకం రిటైరయ్యాకే బలపడింది. పొద్దున్న కాఫీకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య తన ఉపయోగమేమిటో తేలని మనిషికి ఆ మాత్రం నమ్మకం అవసరమే.

మొదటి ప్రయోగం వీధికుక్కల మీద జరిగింది. ఈ వెలుగు చూస్తే కుక్కలు పారిపోతాయని ఇంటర్నెట్‌లో ఎవరో రాశారు. సీతమ్మధార కుక్కలు ఇంటర్నెట్ చదవవు. అవి వచ్చి ఎదురుగా వరసగా కూర్చుని, అయిపోయాక ఇంకా కావాలన్నట్టు తోకలు ఊపాయి. రెండో ప్రయోగం ద్వారకా నగర్‌లో, రోడ్డు దాటడానికి. శ్రీరామ్మూర్తి జీబ్రా గీతల మీద నిలబడి టార్చి ఎత్తి మూడుసార్లు నొక్కాడు. బస్సులు ఆగలేదు, బైకులు ఆగలేదు. ఒక ఆటో ఆగింది. "మద్దిలపాలెమేనా సార్, ఎక్కండి," అన్నాడు డ్రైవరు. అంత వెలుగు చూపించి ఆపాక కాదనడానికి మొహం చెల్లలేదు. మద్దిలపాలెం దాకా వెళ్లి, అక్కణ్ణించి ఇంకో ఆటోలో వచ్చి, రోడ్డుకి మళ్లీ అదే పక్కన దిగాడు.

మూడో ప్రయోగం సంఘం సమావేశంలో. అధ్యక్షుడు జగ్గయ్య పోర్టులో క్రేన్లు నడిపి రిటైరైన మనిషి. ఆయన ప్రసంగం ముప్పావుగంట దాటాక, వెనక వరసలోంచి శ్రీరామ్మూర్తి మూడో నొక్కు నొక్కాడు. ఎవరో ఫొటోలు తీస్తున్నారనుకుని జగ్గయ్య తల దువ్వుకుని మరో అరగంట మాట్లాడాడు. శ్రీరామ్మూర్తి మనవరాలు యశస్విని పుట్టినరోజున పిల్లలంతా ఆ వెలుగులో గెంతులేసి, ఇళ్లకి వెళ్లమని మొరాయించిన మాట నిజమే. కానీ సంతోషం భద్రతా చర్యల కిందికి రాదు కాబట్టి ఆయన దాన్ని నమోదు చేయలేదు.

"ఏటండీ, దాన్నలగ నొక్కి నొక్కి నా కళ్లు తీసేత్తారేటి?" అని భార్య జోగమ్మ వంటింట్లోంచి కేకేసేది. "లైటంటే ఎలగాలి, లేపోతే ఆరిపోవాలి. మజ్జిలో ఈ పితలాటకం ఏటి?"

"నీకు తెల్దులే. ఇది ఎమర్జెన్సీకి," అనేవాడు శ్రీరామ్మూర్తి.

నోటికొచ్చిన ఆ మాటే చివరికి దారి చూపింది. ఆపద సన్నద్ధతా ఉపసంఘం ఒకటి ఏర్పడింది. శ్రీరామ్మూర్తి దానికి కన్వీనరు. నాలుగు సమావేశాలూ, లెక్కలేనన్ని ఉల్లిపాయ పకోడీలూ అయ్యాక నిబంధనలు సిద్ధమయ్యాయి. ఒకటి: ఏ బాల్కనీలో టార్చి టపటపా కొట్టుకున్నను, దానిని ఆపద సంకేతముగా పరిగణించవలెను. రెండు: సంకేతము చూసిన వెంటనే నివాసులు ప్రమాద స్థలమునకు దూరముగా, మెట్ల మీదుగా దిగి, గేటు పక్కన చేరవలెను. మూడు: సంకేతమిచ్చువారు తమ స్థానము విడిచి కదలరాదు.

రెండో నిబంధన మీద ఒక్కరూ నోరెత్తలేదు. ఎత్తేవాళ్లెవరు? ఆ బిల్డింగ్‌లో సగంమంది ప్లాంటు, మిగతా సగం పోర్టు. నెత్తిమీద బరువుతో క్రేను కదిలేటప్పుడు లైటు కొట్టుకుంటుంది. లైటు కొట్టుకుంటే పక్కకి తప్పుకోవాలి. తప్పుకున్నవాడు షిఫ్టు బస్సెక్కి ఇంటికొస్తాడు. ముప్పై ఏళ్లుగా ఒంట్లో ఇంకిపోయిన పాఠం అది. ఆపదలో ఉన్నవాడి దగ్గరికి వెళ్లే పని అక్కడ వేరే డిపార్టుమెంటు చూసుకునేది. అపార్ట్‌మెంట్‌లో ఆ డిపార్టుమెంటు లేదన్న చిన్న విషయం పకోడీల మధ్య ఎవరికీ తట్టలేదు, కన్వీనరుతో సహా.

రెండు ఆదివారాలు డ్రిల్లు జరిగింది. మొదటిసారి దిగడానికి ఏడు నిమిషాలు పట్టింది, రెండోసారి నాలుగు. శ్రీరామ్మూర్తి ఆ వారమంతా కాస్త రొమ్ము విరుచుకునే నడిచాడు.

ఆ తర్వాత ఆదివారం తుఫాను హెచ్చరిక ఉంది. పొద్దున్నే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. కరెంటు లేదు, లిఫ్టు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు. ఏడున్నరకి జోగమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. శ్రీరామ్మూర్తి పరుగెత్తి చూసేసరికి ఆమె కాలు తిరగకూడని దిక్కుకి తిరిగి ఉంది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన ముందు గట్టిగా ఏడవడం అదే మొదటిసారి. అన్నేళ్లు ప్రమాదాల మీద బోర్డులు రాయించిన మనిషి ఒక ప్రమాదాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

ఆమె తలకింద దిండు పెట్టి, టార్చి పట్టుకుని బాల్కనీలోకి ఉరికి, మూడుసార్లు నొక్కాడు.

స్పందన అమోఘం. నిమిషంలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఐదో అంతస్తు వాళ్ల చెప్పుల చప్పుడు నాలుగో అంతస్తులోని ఆయన గుమ్మం ముందునుంచే కిందికి సాగిపోయింది. తోపులాట లేదు. పెద్దవాళ్లని ముందు దింపారు. గొడుగులు వేసుకుని గేటు పక్కన వరసగా నిలబడ్డారు. జగ్గయ్య వాచీ చూసుకుని, పైకి చెయ్యెత్తి అరిచాడు. "మూడు నిమిషాల పది సెకన్లు బావా! రికార్డు!"

"జోగమ్మ పడిపోయింది, పైకి రండి!" అని శ్రీరామ్మూర్తి గొంతు చించుకున్నాడు. హోరుగాలిలో ఆ అరుపు కింద ఒక్కరికీ చేరలేదు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

తనే దిగి నలుగుర్ని పిలుచుకురావచ్చు. గుమ్మం దాకా వెళ్లాడు కూడా. కానీ మూడో నిబంధన అడ్డొచ్చింది. రాసిన తానే దాటితే రేపు ఎవరు పాటిస్తారు? అలా ఆలోచించినందుకు తర్వాత ఆయన సిగ్గుతో చితికిపోయాడు గానీ, అప్పుడు మాత్రం వెనక్కి తిరిగి బాల్కనీలోకి వెళ్లి, మీటని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఏటండీ... ఎవులైనా వత్తన్నారా?" లోపలినుంచి జోగమ్మ మూలిగింది.

"అందరూ వచ్చేశారే," అన్నాడు. అబద్ధం కాదు. కిందికి వచ్చారు.

పైకి వచ్చిన మనిషి పోతమ్మ ఒక్కతే. ఆవిడ జాలరిపేట నుంచి ఆ వీధికి చేపలు తెస్తుంది, వేట లేని రోజుల్లో ఎండుచేపలు తెస్తుంది. గేటు దగ్గర తట్ట దించి, పైన కొట్టుకుంటున్న లైటు చూసి మెట్లవైపు నడవబోతే, డ్రిల్లు జరుగుతోంది, లోపలికి వెళ్లకూడదని జగ్గయ్య వారించాడు. పోతమ్మకి నిబంధనల ప్రతి అందలేదు. నాలుగు అంతస్తులూ ఎక్కేసింది.

"సంద్రం మీద లైటలగ కొట్టుకుంతే ఎవుడికో ఏటో అయినట్టు కద బాబూ. ఎల్లి సూడకపోతే ఎలగ?" అంటూ ఆయాసపడుతూనే లోపలికి వెళ్లి, జోగమ్మ తల ఒళ్లోకి తీసుకుంది. "అమ్మని నాను సూసుకుంతాను. నువ్వా లైటక్కడెట్టీసి, బేగి దిగి బండి తే."

శ్రీరామ్మూర్తి టార్చి గచ్చు మీద పెట్టి దిగాడు. మూడో నిబంధన ఆ విధముగా ఉల్లంఘించబడినది.

తుంటి ఎముక విరిగిందని ఆపరేషన్ చేశారు. నెమ్మదిగా నడుస్తుందన్నారు. ఆ వారమంతా ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని శ్రీరామ్మూర్తి ఒక కాగితం మీద ఒకే ఒక్క ప్రశ్న రాసుకున్నాడు: నా గుమ్మం ముందునుంచి దిగినవాళ్లలో ఒక్కరైనా తలుపు తట్టలేదేం? ఆదివారం సమావేశంలో నిలబడి చదవాలని జేబులో పెట్టుకుని వెళ్లాడు.

వెళ్లేసరికి అక్కడ ఆయనకే సన్మానం ఏర్పాటైంది.

"సోదర సోదరీమణులారా!" అన్నాడు జగ్గయ్య మైకులో. "మూడు నిమిషాల పది సెకన్లలో, ఒక్కరి చిటికెనవేలికైనా దెబ్బ తగలకుండా, ఈ భవనం మొత్తం ఖాళీ అయింది. ఇది క్రమశిక్షణ! ఇది ఐకమత్యం! జోగమ్మగారి విషయం వారి కుటుంబానికి సంబంధించినది. దానికి సంఘం విడిగా విచారం తెలియజేస్తోంది."

శాలువా మెడమీద పడింది. మెత్తగా, వెచ్చగా ఉంది. శ్రీరామ్మూర్తి జేబులో కాగితాన్ని తడుముకున్నాడు. ఎదురుగా అందరూ ఆప్యాయంగా చూస్తున్నారు.

"నాదేముందండీ," అన్నాడు మైకులో. "అంతా మీ సహకారం."

అన్నాక తల కొట్టేసినట్టయింది. చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి. డ్రిల్లు సమయములో చేపలమ్మువారిని లోనికి రానివ్వరాదని నాలుగో నిబంధన ఏకగ్రీవంగా ఆమోదించి సభ ముగించారు. ఆయన కూడా చెయ్యెత్తాడు.

సాయంత్రం ఆసుపత్రిలో జోగమ్మ మంచం మీద పడుకుని ఫోనులో ఆ సన్మానం వీడియో అంతా చూసింది. శాలువా బాగుందంది. మళ్లీ వెనక్కి జరిపి, చప్పట్లు కొడుతున్న జనం దగ్గర ఆపి, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్కో మొహమూ చూసుకుంటూ వచ్చింది.

"ఏటండీ," అంది, "మన బిల్డింగ్‌లో ఇంతమంది ఉన్నారేటి?"