గున్నమ్మ పేరిట రసం కమిటీ

ఒక పెద్ద అడవిలో ఒక ముసలి ఏనుగుకు నమిలే పళ్లు అరిగిపోయాయి.

ఆవిడ పేరు గున్నమ్మ. చిన్నప్పటి ముద్దుపేరు, మనవలు పుట్టినా మారలేదు. గడ్డి నోట్లో పెట్టుకుంటే నలగక ఉండలుగా బయటికొచ్చేది. డొక్కలు లోపలికి పోయాయి. ఆవిడకేమన్నా అయితే అడవికే గండం. వాగులు ఎండిపోయినప్పుడు ఇసుకలో ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయో ఆవిడొక్కతెకే తెలుసు.

ఎలుగుబంటి వైద్యుడు ఆవిడ నోరు తెరిపించి చూసి పెదవి విరిచాడు.

"నోట్లో పళ్లు పోయాయి. ఇక చెట్టు పళ్ల రసమే గతి. రోజూ పొద్దున్నే పట్టండి."

గున్నమ్మ కూతురు భద్రావతి పరుగున వెళ్లి సింహం కొలువులో మొరపెట్టుకుంది. సింహం వెంటనే, "రసం తీసే యంత్రం కొనండి" అంది.

పట్నం చూసొచ్చిన కోతి ముందుకొచ్చింది. "గిర్రున తిరిగే రకం వద్దు ప్రభూ. రసం నురగలు కడుతుంది. ఇప్పుడు నెమ్మదిగా నమిలే రకాలొచ్చాయి. గేదె నెమరేసినట్టు లోపలి మర పండును నలిపి, రసం ఒక పక్కకి, పిప్పి ఒక పక్కకి తోస్తుంది."

"సరే, ఏదో ఒకటి పట్రా."

వెనక వరసలోంచి చిన్న దగ్గు వినిపించింది. నక్క జంబుకేశం దగ్గాడంటే ఏదో పథకం తట్టిందన్నమాటే.

"ఏదో ఒకటా ప్రభూ? రోజూ వాడుకునే వస్తువు. పోల్చి చూడకుండా కొంటే రేపు నలుగురూ ఏమంటారు?"

సింహం పులికి కూడా భయపడదు గానీ నలుగురికి భయపడుతుంది. అక్కడికక్కడే కమిటీ వేసింది. జంబుకేశం అధ్యక్షుడు. కుందేలు శశాంకం, తాబేలు కూర్మయ్య సభ్యులు. పళ్లు తెచ్చివ్వడం, యంత్రాలు కడగడం మాత్రం భద్రావతి వంతు. దానికి జంబుకేశం 'లబ్ధిదారుల భాగస్వామ్యం' అని పేరు పెట్టాడు.

కోతి పట్నం నుంచి నాలుగైదు రకాలు మోసుకొచ్చింది. అడవి అంచున పాడుబడ్డ అతిథిగృహం నుంచి కరెంటు తీగ లాగారు. పరీక్షలు మొదలయ్యాయి.

మొదటి రోజే గొడవ.

"ఇదేం తిరగడమండీ? ఈ గ్లాసు నిండేలోపు నేను అడవి చుట్టి రాగలను!" అని కుందేలు శశాంకం గంతులేశాడు.

"చుట్టి రా. వచ్చేసరికి నిండుతుంది" అన్నాడు కూర్మయ్య. "నాకైతే దీని వేగం కాస్త ఎక్కువే అనిపిస్తోంది."

జంబుకేశం గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుంటూ, "అభిప్రాయభేదం ఉంది. రేపు మళ్లీ పరీక్షిద్దాం" అన్నాడు.

రేపు మళ్లీ పరీక్షించారు. నిలువుగా నిలబడే యంత్రం చోటు తక్కువ తింటుంది గానీ కూర్మయ్యకు దాని నోరు అందదు. అడ్డంగా పడుకునే యంత్రం ఆకుకూరలు బాగా పిండుతుంది గానీ ముక్కలు వేలంత సన్నగా తరగాలి. వెడల్పు నోటి యంత్రంలో జామకాయ జామకాయలాగే వేసెయ్యొచ్చు గానీ జల్లెడ కంతల్లో గింజలు ఇరుక్కుంటాయి. ప్రతి 'గానీ'కీ ఒక గ్లాసు. ప్రతి గ్లాసూ కమిటీకే.

భద్రావతి రోజూ బుట్ట దించి అడిగేది. "బాబుగారూ, మా అమ్మకి ఒక్క గ్లాసైనా..."

"అదెలా కుదురుతుందమ్మా?" అని జంబుకేశం జాలిగా చూసేవాడు. "ఇంకా ఎంపిక కాని యంత్రం రసం తాగి మీ అమ్మగారికి ఏమన్నా అయితే? ఆవిడ ఆరోగ్యం మీద మాకు బాధ్యత లేదూ?"

భద్రావతి కళ్లనీళ్లు తుడుచుకుని, యంత్రాలు విప్పి, చిన్న బ్రష్షుతో జల్లెడలు రుద్ది, పిప్పంతా బుట్టకెత్తి చెట్ల చాటున పారబోసేది.

ఒకరోజు గున్నమ్మ ఆకలికి తాళలేక, కాళ్లీడ్చుకుంటూ కూతుర్ని వెతుక్కుంటూ వచ్చింది. పారబోసిన కుప్ప మీంచి మామిడి వాసన గుప్పుమంది. తొండంతో ఇంత ఎత్తి నోట్లో వేసుకుంది. ఒక్కసారి నాలుక ఆడించింది. గుటుక్కున లోపలికి పోయింది.

"ఒసేయ్ భద్రీ! దీన్నెవరో ముందే నమిలేశారే!"

"యంత్రం నమిలిందమ్మా. అది పిప్పి. పారేసేది."

"పారేసేదేమిటే పిచ్చి మొహమా! నా నోట్లో లేనిది పళ్లే కదా. నా బదులు ఇంకోటి నమిలిపెడితే నాకింకేం కావాలి?"

ఆ పూట కుప్పంతా ఖాళీ అయింది. భద్రావతి తల్లిని చూస్తూ అక్కడే కూలబడి, ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే చెవులతో మొహం కప్పుకుంది.

ఆనాటి నుంచి పిప్పి ఏదీ నేల మీద పడలేదు. గున్నమ్మ రుచులు కూడా కనిపెట్టింది. "ఆ మూలనున్న మొద్దు యంత్రం లేదూ, సరిగ్గా పిండడం రానిది? దాని పిప్పి తడితడిగా ఎంత బాగుంటుందో! మిగతావి మరీ పీల్చేస్తున్నాయే."

కమిటీ పట్టికలో ఆ యంత్రానిదే ఆఖరి స్థానం.

వర్షాలు పడేనాటికి గున్నమ్మ డొక్కలు నిండాయి, నడక గట్టిపడింది. కమిటీ పరిస్థితే బాగాలేదు. శశాంకం ఒళ్లొచ్చి గెంతలేకపోయాడు. కూర్మయ్య చిప్ప బిగుతైందని నసిగాడు. వేళకి మాంసం ముట్టక, ఫలరసాలతో పొట్ట నింపుకున్న జంబుకేశానికి విరేచనాలు పట్టుకున్నాయి. అధ్యక్షుడు కుర్చీలో కన్నా పొదల్లోనే ఎక్కువ కనిపించేవాడు.

సింహం అందర్నీ పిలిపించింది. గున్నమ్మను చూసి ఆశ్చర్యపోయింది.

"శభాష్ జంబుకేశం! యంత్రం ఎంపిక కాకుండానే రోగి కోలుకుంది!"

భద్రావతి ఊరుకోలేదు. "ప్రభూ, మా అమ్మ చుక్క రసం ఎరగదు. తాగిందంతా వీళ్లే. అమ్మ తిన్నది వీళ్లు వదిలేసిన పిప్పి!"

కొలువంతా గొల్లున నవ్వింది. సింహం జూలు నిక్కింది. జంబుకేశం గుండె జారింది గానీ నాలుక జారలేదు.

"మా పథకమే అది ప్రభూ! బలమంతా పిప్పిలో ఉందని గ్రహించి, దాన్ని లబ్ధిదారుకు దక్కించాం. పనికిరాని రసాన్ని మాత్రం ఎవరో ఒకరు తాగి వదిలించాలి కదా? ప్రజల కోసం ఆ భారం మేమే మోశాం."

సింహం కళ్లు తడిశాయి.

"ఎంత త్యాగం! ఇలాంటి సేవ మధ్యలో ఆగకూడదు. ఈ కమిటీ నేటి నుంచి శాశ్వతం. గున్నమ్మ బతికున్నంత కాలం రోజూ రసం నువ్వే తాగాలి. నాలుక చెడకుండా మాంసం మానెయ్."

"ప్రభూ! నా కడుపు..."

"గున్నమ్మా, నీకింకేమన్నా కావాలా?"

గున్నమ్మ తొండంతో గడ్డం గోక్కుంది. "తియ్యటివి తిని తిని మొహం మొత్తింది ప్రభూ. రేపట్నుంచి కాకరకాయలూ, గుప్పెడు వేపాకూ యంత్రంలో వెయ్యమనండి. పిప్పి నాకు, రసం అధ్యక్షులవారికి."

మర్నాడు పొద్దున యంత్రం మెల్లగా తిరగడం మొదలెట్టింది. ఆకుపచ్చటి రసం చుక్కా చుక్కా గ్లాసులో పడుతుంటే, దాని ముందు కూర్చున్న జంబుకేశం కూర్మయ్యతో నీరసంగా అన్నాడు.

"కూర్మయ్యా, దీన్ని ఇంకాస్త నెమ్మదిగా తిప్పే వీలుందేమో చూడవయ్యా!"

నీతి: ప్రజల పేరు చెప్పి రసం తాగేవాళ్లను ఎన్నడూ ఆపకండి; లోపల ఏం వెయ్యాలో మాత్రం మీరే చూసుకోండి.