మామగారి మోకాలు

ఆ సోమవారం ఉదయం అతను అద్దం ముందు నిలబడి ఒకే వాక్యాన్ని పదిసార్లు చెప్పుకున్నాడు. "మేడమ్, మా మామగారి మోకాలికి మంగళవారం ఆపరేషన్." అద్దం ముందు మాట వాగులా పారింది. ఆఫీసులో పారదని అతనికి తెలుసు. అతనికి నత్తి. అందులోనూ 'మ' అక్షరానికీ అతనికీ చిన్నప్పటి నుంచీ పడదు.

"నత్తి ఉందని చెప్పేస్తే పోలా?" అంది భార్య.

"ము... ముందు ఉద్యోగం ఖాయం కానీ." ఇంట్లో మాత్రం అతను మొహమాటం లేకుండా నత్తిగా మాట్లాడతాడు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు రాయడం అతని పని. చేరి ఐదు నెలలు. మంచినీళ్లు కావాలంటే సీసా చూపిస్తాడు. మేనేజరమ్మను 'మేడమ్' అనలేక తలవంచి ఊరుకుంటాడు. ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందని ఆవిడ మురిసిపోతుంది. ఆఫీసంతా కలిసి అతనికి మితభాషి అని పేరు పెట్టింది.

పది గంటలకు ఆవిడ గదిలోకి వెళ్లాడు. సాధన చేసిన వాక్యం గుమ్మం దగ్గరే మొరాయించింది. దారి మార్చాడు.

"రేపు సెలవు కావాలండీ. నాకు పిల్లనిచ్చిన పెద్దాయన... కాలు..."

"కాలం చేశారా?" ఆవిడ కుర్చీలోంచి లేచింది.

'మామగారు బతికే ఉన్నారు' అనబోయాడు. 'మ' దగ్గర దవడ బిగుసుకుంది, పెదాలు వణికాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమీ చెప్పకండి. నాకు అర్థమైంది" అందావిడ. మూడు రోజుల మరణ సెలవు అక్కడికక్కడే మంజూరైంది.

అతను బల్ల దగ్గరికి వచ్చేసరికి కబురు అంతకుముందే వచ్చి కూర్చుంది.

"ఆయన బా... బాగానే ఉన్నారు" అన్నాడు అకౌంటెంటుతో.

"ఉంటారు. పుణ్యాత్ములు ఎక్కడున్నా బాగానే ఉంటారు."

"నిజంగానే. ఇం... ఇంట్లోనే ఉన్నారు."

"ఇంకా ఇంట్లోనే ఉంచారా? అయితే త్వరగా బయల్దేరాలి" అని అకౌంటెంటు కుర్చీ వెనక్కి నెట్టాడు.

పావుగంటలో పూలదండ వచ్చింది. కంపెనీ వ్యానులో తొమ్మిదిమంది ఎక్కి, మితభాషిని మధ్యలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఇద్దరు పట్టుకున్నారు. దారి పొడుగునా అతను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వాక్యం పూర్తిచేసి పెట్టారు. ఇల్లు చేరేలోపు మామగారు గొప్ప దాత అయ్యారు, నిద్రలోనే పోయారు, పోతూ పోతూ అల్లుణ్ణి తలుచుకున్నారు.

తలుపు మామగారే తీశారు, చేతికర్ర పట్టుకుని.

"దండ ఎవరికండీ?"

"పోయిన పెద్దాయనకి" అంది మేనేజరమ్మ గొంతు తగ్గించి. "మా మితభాషిగారి మామగారికి. మీరు ఆయనకి ఏమవుతారు?"

మామగారు దండనీ, అల్లుణ్ణీ మార్చి మార్చి చూశారు. "బాగా దగ్గరివాణ్ణే" అన్నారు.

అందరూ మితభాషి వైపు తిరిగారు. ఉద్యోగం పోయినట్టే అనిపించింది అతనికి. ఎలాగూ పోయేది, 'మ'తోనే పోనీ అనుకున్నాడు.

"మే... మే..."

"మేమంతా..." అని అకౌంటెంటు అందించబోయాడు.

మామగారు చేతికర్ర అడ్డం పెట్టారు. "అది మా అల్లుడి వాక్యం. ఆయన్నే ముగించనివ్వండి."

తొమ్మిదిమంది నిలబడి విన్నారు. వాక్యం నిమిషన్నర నడిచింది. మేడమ్ దగ్గర ఆగింది, మామగారి దగ్గర తడబడింది, మోకాలి దగ్గర పూర్తిగా కూలబడి మళ్లీ లేచింది. తనకు నత్తి అనీ, అది తెలిస్తే ఉంచుకోరని దాచాననీ చెప్పేశాక, అతనికి ఐదు నెలల్లో మొదటిసారి ఊపిరి బొడ్డుదాకా దిగింది.

"ఇంత చిన్న విషయం ముందే చెప్పొచ్చుగా" అంది మేనేజరమ్మ.

"మీరు చె... చెప్పనిస్తేగా, మే... మేడమ్."

అకౌంటెంటు దండను వీపు వెనక్కి దాచుకున్నాడు. ముందు మామగారు నవ్వారు. తర్వాత ఎవరూ ఆగలేదు.

నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. ఫిర్యాదుల ఫోను కూడా అతనే అడిగి మరీ తీసుకున్నాడు. అవతలివాళ్లు లిఫ్టులో ఇరుక్కుని ఉంటారు కనక, వాక్యం మధ్యలో ఎక్కడికీ పోలేరు.

మరణ సెలవును రద్దుచేసే ఫారం మాత్రం ఆఫీసులో ఎంత వెతికినా దొరకలేదు. కాబట్టి కాగితాల మీద మామగారు నేటికీ లేరు. ప్రతి శుక్రవారం ఆఫీసుకు వచ్చి టీ తాగి వెళుతున్నారు.